నత్తబండి ఎత్తు

ఆ వేళ కమాన్ల మేస్త్రి కొలిమి వెలిగించలేదు. నడుము పట్టేసింది. పొద్దున్నే ఇల్లాలు వేడినీళ్ళ సంచీ పెట్టి, "ఇవాళ సుత్తి ముట్టుకున్నావంటే నీకూ నాకూ మాటల్లేవు" అని చెప్పి మరీ పంపింది. ముట్టుకుందామన్నా షెడ్డులో ఏమంత పని లేదు. ఒకప్పుడు వీధి మలుపు దాకా లారీలు వరస కట్టేవి. ఇప్పుడొచ్చే బండ్లలో చాలావాటికి చుట్టల స్ప్రింగులే. అవి విరిగితే పీకి అవతల పారేసి కొత్తవి బిగించుకుంటారు. పట్టీ మీద పట్టీ పేర్చి కట్టిన కమాన్ల మీద నడిచే బండ్లు ఈ చుట్టుపక్కల వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటి యజమానులు కూడా ఇంచుమించు మేస్త్రి ఈడువాళ్ళే. నెలకోసారి వచ్చి గ్రీజు పెట్టించుకుని, అరగంట కబుర్లు చెప్పి పోతారు.

అందుకని అతను పీట మీద కూర్చుని గుమ్మంలో పడుతున్న ఎండను చూస్తున్నాడు. వీధి చివర హారన్ వినపడింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఎవరా అని తల తిప్పి చూడక్కర్లేదు. నత్త వస్తోంది.

నత్త అంటే బావ బండి. బావ కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఊరూరూ తిరిగే పని. ఏ రాత్రికీ ఇంటికి చేరే దారి లేక, ఇంటినే వెంట తీసుకుపోదామని సరుకులు మోసే పాత వ్యాను ఒకటి కొన్నాడు. వెనక భాగంలో మంచం వేశాడు. మంచం కింద మిషన్లు, ఒక పక్క పొయ్యి, దాని ఎదురుగా కిటికీ, తలుపు దగ్గర నీళ్ళ డ్రమ్ము. డ్రైవరు పక్క సీటు పీకేసి అక్కడ పనిముట్ల పెట్టె బిగించాడు. అందుకని ఎవరెక్కినా వెనక తలుపులోంచే ఎక్కాలి. ఇల్లు వీపున వేసుకుని తిరుగుతోంది కదా అని అక్క దానికి నత్త అని పేరు పెట్టింది. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, బావ పేరు మర్చిపోయినవాళ్ళు కూడా "నత్తాయన ఎప్పుడొస్తాడు" అని అడిగేవాళ్ళు.

బావ పోయి రెండేళ్ళయింది. హారన్ మాత్రం అలాగే ఉంది.

మేనకోడలు బండిని వెనక్కి నడిపి, వెనక తలుపు షెడ్డులోకి వచ్చేట్టు ఆపి దిగింది. ముప్ఫైకి దగ్గర పడుతున్న పిల్ల. ముఖం తల్లిది, నోరు తండ్రిది.

"మామయ్యా, ఇవాళ ఏదో ఒకటి తేల్చెయ్యి. నాకు టైం లేదు."

"కూర్చోవే ముందు. మీ అమ్మేది?"

"నడిచొస్తోంది. బండెక్కలేదు కదా. అదే కదా గొడవంతా."

ఆ గొడవ మేస్త్రికి తెలియనిది కాదు. నెల్నాళ్ళుగా ఫోనులో వింటున్నదే. బావ ఉన్నప్పుడు ఏటా ఎండలు తగ్గగానే ఆ ముగ్గురూ నత్తలో బయల్దేరి, కొండల వెనక ఏటి మలుపు దగ్గర పది రోజులు ఉండి వచ్చేవాళ్ళు. ఆయన పోయాక మానేశారు. ఇన్నాళ్ళకు ఆ పిల్ల పది రోజులు సెలవు పెట్టి తల్లిని అక్కడికి తీసుకెళ్తానంది. తల్లి కూడా, ఎన్నో అడిగించుకుని, సరేనంది. తీరా పోయిన నెల బండి లోపల మరమ్మతులన్నీ చేయించి, తుడిచి, తలుపు తీసి "రా అమ్మా, చూద్దువు గాని" అంటే, అక్క మెట్టు మీద కాలు వెయ్యబోయింది. మోకాలు లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. అదీ కాలేదు. "ఇక నా వల్ల కాదులే" అని గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఎల్లుండి తెల్లారి ప్రయాణం. ఎక్కేది ఇద్దరా, ఎవరూ లేరా అన్నది ఇవాళ తేలాలి.

"బైపాసు పక్కన కొత్తగా షాపు పెట్టారు చూశావా," అంది మేనకోడలు. "బండిని నాలుగంగుళాలు దించుతాడట. వంపు లేని పట్టీలు, బల్లపరుపుగా ఉంటాయి. రేపు పదింటికి రమ్మన్నాడు. అమ్మ ఇట్టే ఎక్కేస్తుంది. గతుకుల్లో ఈ ఎగిరిపడటం కూడా తగ్గుతుందట. మొన్న సంత దగ్గర రోడ్డు మీద పోతుంటే వెనక గిన్నెలన్నీ కింద పడి చిందులేశాయి."

"నాలుగంగుళాలా? ఏటి ఒడ్డున ఆ రాళ్ళ బాట గుర్తుందా నీకు? పొట్ట రాసుకుంటూ పోవాలి బండి. కింద ఆయిల్ చాంబరు పగిలిందంటే పది రోజులు కాదు, నెల్లాళ్ళు అక్కడే కాపురం పెడతారు తల్లీకూతుళ్ళు."

"మరి ఎత్తుగానే ఉంచితే ఎక్కదు."

"స్టూలు వెయ్యి."

"వేశాను. అది కాస్త కదిలింది. అప్పట్నుంచి స్టూలు కనపడితే చాలు తిడుతోంది."

మేస్త్రికి నవ్వొచ్చింది గానీ నడుము నవ్వనివ్వలేదు.

"పోనీ దించుదామా అంటే అదీ వద్దంటుంది," అంది మేనకోడలు, ఈసారి గొంతు తగ్గించి. "'మీ నాన్న పెట్టించిన ఎత్తది. వేలెడు దించినా నేను ఆ గడప తొక్కను' అంటోంది. దించకపోతే ఎక్కలేదు, దించితే ఎక్కదు. నేనేం చావను చెప్పు. నీ మాటైతే వింటుంది. దించమనో వద్దనో నువ్వే తేల్చు."

వద్దనే చెబుదామని మేస్త్రి మనసులో ఉంది. ఎందుకంటే ఆ ఎత్తు అతను పెట్టింది.

అతను ఏడో తరగతిలో లెక్కల పరీక్ష తప్పి, బడికి పోతున్నానని చెప్పి వారం రోజులు వీధులు కొలిచి, చివరికి కమాన్లు కట్టే ఒక ముసలి మేస్త్రి కొలిమి దగ్గర తేలినవాడు. ముసలి మేస్త్రి దగ్గర టేపు ఉండేది కాదు. పిడికిలే కొలత. ఇరుసు మీద ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది, దాని పైన చాసిస్, అంటే బండి అడుగు చట్రం, ఉంటుంది. ఆ రెంటి మధ్యా పిడికిలి సరిగ్గా పడితే ఆ బండి ఎత్తు సరైనట్టు. పట్టకపోతే కుంగినట్టు. ఇంకేం లెక్కల్లేవు. లెక్కల పరీక్ష తప్పినవాడికి ఆ చోటు స్వర్గంలా కనపడింది.

ఒక్క నియమం మాత్రం ఉండేది. ఎంతటివాడైనా ఖాళీ బండి తెస్తే ముసలి మేస్త్రి వెనక్కి పంపేవాడు. "సంసారంతో రా," అనేవాడు. లారీ అయితే లోడుతో, కూరగాయల బండైతే బుట్టలతో, పెళ్ళివారి బస్సయితే చుట్టాలతో. "ఖాళీ బండిని కొలిచి కమాను కట్టడమంటే, నిద్రపోయేవాణ్ణి చూసి వాడి నడక చెప్పడమేరా" అని విసుక్కునేవాడు. బండి తను రోజూ మోసేదంతా మోస్తూ నిలబడాలి. అప్పుడే పిడికిలి దూర్చేది.

ముసలి మేస్త్రి పోయాక ఇతను సొంతంగా ఈ షెడ్డు వేసుకున్నాడు. మొదటి బేరం బావదే. "సంసారంతో రా బావా" అని నవ్వులకే అన్నాడు. బావ నవ్వులకు తీసుకోలేదు. మర్నాడు బండి వచ్చేసరికి వీధిలోవాళ్ళంతా బయటికొచ్చి చూశారు. మంచం కింద పోత ఇనుప మిషన్ తలలు పదకొండు. డ్రమ్ము నిండా నీళ్ళు. ఇనుప అరల నిండా సామాను. మంచం మీద అక్క. పైన కట్టిన ఉయ్యాలలో ఆరు నెలల పిల్ల. పొయ్యి మీద కూర గిన్నె, మూత జారకుండా గుడ్డతో కట్టి ఉంది. బండి వెనకభాగం గుడ్లు పొదిగే కోడిలా నేలకు ఆనుకుని ఉంది.

"సంసారంతో రమ్మన్నావుగా బావమరిదీ. వచ్చాను. కూర చల్లారేలోగా కానివ్వు."

కూర చల్లారేలోగా కాలేదు, రెండు రోజులు పట్టింది. పక్కకు రెండేసి పట్టీలు ఎక్కువ వెయ్యాల్సి వచ్చింది. అతనే కోసి, కొలిమిలో పెట్టి, వంపు కొట్టి, నీళ్ళలో ముంచి పదును పట్టించాడు. బిగించాక సంసారమంతా మళ్ళీ ఎక్కించి కింద దూరి పిడికిలి పెట్టాడు. కొలిచినట్టు పట్టింది. బావకు నమ్మకం చాల్లేదు. ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి పొయ్యి పక్కన బల్ల మీద పెట్టి, వీధి చివరి దాకా నడిపి, తిప్పుకొచ్చి, గ్లాసు పట్టుకుని దిగాడు. చుక్క ఒలకలేదు. ఆ నీళ్ళు అందరి ముందూ గటగటా తాగేసి, "నా బావమరిది చెయ్యి ఇది" అన్నాడు. ఆ తర్వాత మేస్త్రి వందల బండ్లు చేశాడు. ఎవరెవరో మెచ్చుకున్నారు. అతనికి గుర్తున్నది మాత్రం ఆ గ్లాసే.

అలాంటి ఎత్తును ఎవడో బైపాసు పక్కన కూర్చున్నవాడు తీసేస్తాడంటే వద్దనక ఏమంటాడు? పైగా కమాను గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? వయసుతో అది కుంగుతుందే గానీ లేవదు. పోయిన నెల మేనకోడలు ఫోను చేసి "మెట్టు ఎత్తయిపోయింది మామయ్యా" అన్నప్పుడు, బండిని చూడకుండానే అన్నాడు. "కమాను ఎప్పటికీ లేవదే, మెట్టెలా ఎత్తవుతుంది? నేను పెట్టిన ఎత్తు నాకు తెలీదా? ఎత్తయింది మెట్టు కాదు, అరిగింది మీ అమ్మ మోకాళ్ళు."

ఇవాళ కూడా కూర్చున్న చోటినుంచే ఒక చూపు చూశాడు. పట్టీలేవీ విరగలేదు. కట్ట సడల్లేదు. బాగానే ఉంది. "వద్దు" అని నోరు తెరవబోతుండగా అక్క వచ్చింది.

గొడుగు ముడిచి గోడకు ఆనించింది. "ఏరా, నడుమట?"

"నీకెవరు చెప్పారు?"

"మీ ఆవిడ. నిన్ను కనిపెట్టుకుని ఉండమంది."

"ఇంట్లో ఒకరు చాలరని నువ్వొకదానివా?"

"మరి చిన్నప్పటినుంచీ నీ మీద ఆ ఉద్యోగం నాదే కదరా," అంది అక్క. వచ్చి పీట పక్కన బండచెక్క మీద కూర్చుంది. కూర్చునేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆన్చి మెల్లగా దిగింది. మేస్త్రి చూశాడు. చూసీ చూడనట్టున్నాడు.

పక్క షాపులో బ్యాటరీలతను రేడియో పెట్టుకుని ఏదో సర్దుకుంటున్నాడు.

"ఇంతకీ ఏం తేల్చారు మామా కోడళ్ళు?" అంది అక్క. "దించడమేనా?"

"ఇంకా ఏం అనలేదక్కా."

"అనక్కర్లేదు. దాని జోలికి పోకండి. నువ్వన్నదే నిజం. బండికేమీ కాలేదు. నాకే అయింది." లేచి బండి పక్కకు నడిచింది. కిటికీ కింద నిలబడింది. చెయ్యెత్తి కిటికీ గట్టు తుడిచింది. "ఏటి దగ్గర ఆయన లోపల టీ పెట్టేవాడు. నేను ఇక్కడ, ఇట్లాగే నిలబడేదాన్ని. గ్లాసు ఈ గట్టు మీద పెట్టి గడ్డం కూడా గట్టుకే ఆనించి తాగేదాన్ని. పాకం తాగినట్టుండేది ఆ టీ. చక్కెర తగ్గించవయ్యా అంటే, ఇది ఏటి గాలికి పెట్టే చక్కెర, నీకు తెలీదు అనేవాడు. ఇప్పుడు చూడు, గడ్డం ఎక్కడ ఆనుతుంది? ముక్కుకు తగులుతోంది గట్టు."

"అమ్మా, నువ్వు మరీను," అంది మేనకోడలు.

"మరీ ఏం కాదే. కుంగిపోయాను. రెండేళ్ళలో నాలుగు వేళ్ళు తగ్గాను. ఈ లెక్కన ఇంకో పదేళ్ళకు నన్ను నీ హ్యాండుబ్యాగులో వేసుకుపోవచ్చు." నవ్వింది. నవ్వి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏటి దగ్గరికి నువ్వెళ్ళి రావే. నీ సెలవు పాడు చేసుకోకు. నేనిక్కడే ఉంటాను."

మేస్త్రి ఆమె ముక్కునూ గట్టునూ చూస్తూ ఉండిపోయాడు. మనిషి ముసలితనానికి కుంగుతుంది, నిజమే. రెండేళ్ళలో నాలుగు వేళ్ళు కుంగుతుందా? తన ఎదుట నిలబడితే అక్క నడినెత్తి ఇప్పటికీ అతని భుజానికే వస్తోంది. ఎప్పుడూ అక్కడికే వచ్చేది.

అతను లేచాడు. "అమ్మాయ్, ఆ గోనెపట్టా ఇటు పడెయ్యి."

"ఎందుకు?"

"బండి కింద దూరాలి."

"ఒరేయ్, నడుము," అంది అక్క.

"నడుము ఎక్కడికి పోతుంది, నాతోనే వస్తుంది."

పట్టా పరుచుకుని, పళ్ళు బిగబట్టి, వెల్లకిలా పాకుతూ ఇరుసు దగ్గరికి వెళ్ళాడు. ఎన్ని వేల సార్లు చూసిన చోటు. అతను కొట్టిన పట్టీలు అలాగే ఉన్నాయి, బురద పట్టి, అంచులు నున్నబడి. రబ్బరు దిమ్మకూ చాసిస్‌కూ మధ్య పిడికిలి పెట్టాడు. పిడికిలి వదులుగా ఆడింది. పిడికిలి మీద రెండో చేతి వేళ్ళు పేర్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు చాసిస్ తగిలింది.

కాసేపు అలాగే పడుకుని ఉన్నాడు. బయట ఇద్దరి కాళ్ళు కనపడుతున్నాయి.

"మామయ్యా? పట్టేసిందా? లాగమంటావా?"

"నన్ను కాదు గానీ, నేనడిగిందానికి చెప్పు," అన్నాడు కిందినుంచే. "ఈ బండిలోంచి ఏమేం తీశారు మీరు?"

"ఏమేం అంటే... మిషన్లు. పదకొండూ ఇచ్చేశాం. ఐదు కుట్టు నేర్పే బడికిచ్చాం, మిగతావి నాన్న దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పట్టుకెళ్ళారు. పనిముట్ల పెట్టె కూడా వాళ్ళకే. ఇనుప అరలు పోయిన నెల నేనే పీకించేశాను, తుప్పు పట్టాయని. మంచం మార్పించాను. పాతది ఏనుగంత ఉండేది కదా, తేలికది పెట్టించాను. డ్రమ్ము తీసేసి రెండు క్యాన్లు పెట్టాను. అంతే."

"ఇంకా?"

"ఇంకేం లేవు."

"మీ నాన్న," అంది అక్క.

రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. మేస్త్రి నెమ్మదిగా బయటికి పాకాడు. మేనకోడలు చెయ్యిచ్చి లేపింది.

"బావ ఎంత ఉండేవాడక్కా? బరువు?"

"నన్నడిగితే తొంభై. ఆయన్నడిగితే డెబ్భై అయిదు. ఏ తూకం ఎక్కినా ఒక కాలు కింద పెట్టేవాడు కదరా. ఎందుకడుగుతున్నావు?"

మేస్త్రి చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు. గుడ్డ చేతిలోనే ఉంది. "నువ్వు కుంగలేదక్కా. బండి లేచింది."

"కమాను లేవదన్నావుగా?"

"కమాను లేవదు. మీద బరువు పోతే బండి లేస్తుంది. ఈ పట్టీలు ఆ మిషన్లనీ, ఆ అరల్నీ, బావనీ, అన్నిటినీ మొయ్యడానికి వేసినవి. అవన్నీ ఉన్నప్పుడు నీ గడ్డం ఆ గట్టుకు ఆనేది. అవి పోయాయి. పట్టీలకు మొయ్యడానికేం లేదు. బిగుసుకుని నిలబడ్డాయి. గతుకుల్లో ఎగిరిపడేదీ అందుకే, గిన్నెలు పడేదీ అందుకే. ఖాళీ బండిని చూసి చెప్పొద్దని మా ముసలాయన మొత్తుకునేవాడు. నేను చూడకుండానే చెప్పాను. నీ మోకాళ్ళను అనేశాను. తప్పయిపోయింది."

"మోకాళ్ళు కూడా బాగాలేవులే. అంతా నీ కమాన్ల మీదికి తొయ్యలేను," అంది అక్క. కిటికీ వైపు చూస్తూ ఉంది. తర్వాత అడిగింది. "అయితే ఇది ఆయన పెట్టించిన ఎత్తు కాదన్నమాట."

"కాదక్కా. ఇది ఆయన లేని ఎత్తు."

ఆమె గట్టు మీద పెట్టిన చెయ్యి తీసి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నమ్మాలా వద్దా అన్నట్టుంది ముఖం. మేస్త్రికి తెలుసు, అక్కకు నోటి మాట చాలదు. చిన్నప్పుడు కూడా అంతే. పాలు కాగాయంటే వేలు పెట్టి చూసేది.

షెడ్డు మూలన విరిగిన పాత పట్టీల గుట్ట ఉంది. ముప్ఫై ఏళ్ళ ఇనుము. అతను బ్యాటరీలతన్ని కేకేశాడు. "ఇటోసారి రావయ్యా, నా నడుము అద్దెకు తీసుకుందువు గాని." బ్యాటరీలతను వచ్చాడు. మేనకోడలు చెంగు దోపింది. మేస్త్రి ఎక్కడేది పెట్టాలో చెబుతుంటే ఇద్దరూ మోసి ఎక్కించారు. మిషన్లుండేచోట మంచం కింద కొంత, అరలుండేచోట గోడ వారగా కొంత, డ్రమ్ముండేచోట తలుపు దగ్గర కొంత. ఒక్కో మోపుకూ బండి కిర్రుమని కొంచెం దిగింది. మేస్త్రి అందాజుగా చెప్పిన బరువులను మేనకోడలు ఫోనులో కూడుకుంటూ పోయింది. నాలుగు వందల కిలోలు దాటాక మేస్త్రి "చాలు" అన్నాడు. "ఇక బావ తక్కువ. నువ్వెక్కవయ్యా," అని బ్యాటరీలతన్ని లోపలికి పంపాడు. "నువ్వు డెబ్భై అయిదే అని చెప్పకు, ఉన్నదే చెప్పు."

"ఎనభై ఎనిమిదండీ," అన్నాడతను లోపలినుంచి, సిగ్గుపడుతూ.

మళ్ళీ కింద దూరి పిడికిలి పెట్టాడు. పట్టింది. ఎక్కడా ఆడలేదు, ఎక్కడా ఒరుసుకోలేదు.

"అక్కా, కిటికీ దగ్గర నిలబడు."

అక్క వెళ్ళి నిలబడింది. గట్టు గడ్డం కింద ఉంది. ఆమె గడ్డం దాని మీద ఆనించింది. కళ్ళు మూసుకుందో లేదో కిందినుంచి మేస్త్రికి కనపడలేదు. మడమలు మాత్రం కనపడ్డాయి. రెండూ నేలకు ఆని ఉన్నాయి.

మేస్త్రి బయటికి పాకి లేచేసరికి ఆమె ఎవరూ చెప్పకుండానే వెనక తలుపు దగ్గరికి నడిచింది. కమ్మీ పట్టుకుంది. కాలెత్తి మెట్టు మీద వేసింది. ఒక్క క్షణం ఆగింది. మేనకోడలు చెయ్యి చాచబోతే మేస్త్రి వద్దని తలూపాడు. అక్క "హమ్మ" అని ఒక్క మూలుగు మూలిగి పైకి లేచి లోపల పడింది. బ్యాటరీలతను గబగబా పక్కకు తప్పుకుని, పోతానండీ అని దిగిపోయాడు. అతను దిగితే బండి వేలెడు లేచింది. ఎక్కినామెకు ఇక దాంతో పని లేదు.

లోపలినుంచి పొయ్యి కింద అల్మారా తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు. తర్వాత "ఈ పొయ్యి ఎవరు తుడిచారే? వెనకాలంతా జిడ్డు అలాగే ఉంది" అన్న మాట వచ్చింది. మేనకోడలు మేస్త్రి భుజానికి తల ఆనించి, శబ్దం లేకుండా నవ్విందో ఏడ్చిందో. రెండూ చేసినట్టుంది.

"అయితే ఇంతేనా మామయ్యా? ఈ ఇనుమంతా మోసుకుని వెళ్ళాలా ఏటి దాకా?"

"ఉండనీ," అంది లోపలినుంచి అక్క. "బాగుంది ఇలాగే."

"ఎలా బాగుంటుందక్కా? చెత్త ఇనుము మొయ్యడానికా బండి? పట్టీలు తీసేద్దాం. నేను వేసిన ఆ రెండూ. అవి లేకపోతే ఇప్పుడున్న సంసారానికి సరిగ్గా కూర్చుంటుంది. మెట్టు ఇక్కడికే వస్తుంది. రాళ్ళ బాటలో బావ ఇన్నేళ్ళూ నడిపిన ఎత్తు ఇదే, పొట్టా రాసుకోదు."

అక్క కిటికీలోంచి తల బయట పెట్టింది. "అవి నీ చేత్తో కొట్టినవి కదరా. నీ మొదటి పని."

"అవును."

"తీసెయ్యడానికి నీకెలా ఉంది?"

మేస్త్రికి బావ తాగిన గ్లాసు నీళ్ళు గుర్తొచ్చాయి. "అవి మొయ్యాల్సింది మోశాయక్కా. ఇరవై ఎనిమిదేళ్ళు మోశాయి. ఒక్కటీ విరగలేదు. ఇంకేం కావాలి."

అక్క తల లోపలికి తీసుకుంది. కాసేపటికి మాట వినపడింది. "సరే, తీసెయ్."

మేనకోడలు ఫోను తీసి బైపాసు షాపుకు రేపు రావట్లేదని చెప్పింది. ఎందుకని అడిగినట్టున్నాడు. "మా ఇంట్లోనే మేస్త్రి ఉన్నాడండీ" అంది.

ఆ మధ్యాహ్నమంతా పని సాగింది. ఇనుము దించేశారు. జాకీలు పెట్టి బండిని లేపారు. తుప్పు పట్టిన నట్లు రాకపోతే మేస్త్రి కొలిమి వెలిగించి సెగ పెట్టి ఊడదీశాడు. నడుముకు తువ్వాలు బిగించుకుని, ఇల్లాలికి చెప్పొద్దని ఇద్దరితో ఒట్టు వేయించుకుని, సుత్తి ముట్టుకున్నాడు. కట్ట విప్పి తనవైన పట్టీలు ఒకటొకటే బయటికి లాగాడు. పక్కకు రెండు, మొత్తం నాలుగు. మిగతావి శుభ్రం చేసి, గ్రీజు పూసి, మళ్ళీ పేర్చి, నడిమి బోల్టు బిగించాడు. ఎండ గుమ్మం దాటి వీధి అవతలి గోడ ఎక్కింది.

బండి జాకీల మీంచి దిగాక అన్నాడు. "ఇప్పుడు సంసారంతో కొలవాలి. క్యాన్లు నింపండి. పరుపులు, గిన్నెలు, ఎల్లుండి ఏవేవి వస్తాయో అన్నీ ఎక్కించండి. అమ్మాయ్, నువ్వు స్టీరింగు ముందు కూర్చో. అప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు, ఆ లెక్కలో నువ్వూ ఉన్నావు, ఏడు కిలోలు. ఇప్పుడెంతో నేనడగను."

"అడక్కు," అంది మేనకోడలు.

ఎక్కించాల్సినవి ఇంటినుంచి తెచ్చి ఎక్కించారు. అక్క మెట్టెక్కి తన చోట తను కూర్చుంది. మేస్త్రి చివరిసారి కింద దూరాడు. ఇక లేవలేనేమో అన్నంతగా నడుము పీకుతోంది. పిడికిలి పెట్టాడు. పట్టింది. కొంచెం, ఒక దారమంత, వదులుంది. అది ఉండనిచ్చాడు.

బయటికొచ్చి గోడకు చేరగిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే, "ఒరేయ్, ఇట్రా" అని వినపడింది.

కిటికీలోంచి ఒక గ్లాసు బయటికొచ్చింది, దాని వెనక అక్క చెయ్యి. వెళ్ళి కింద నిలబడి అందుకున్నాడు. మోచెయ్యి లేపకుండానే అందింది. ఒక గుక్క తాగాడు.

"ఎలా ఉంది? మీ బావ పెట్టినట్టుందా?"

"లేదక్కా. ఇది మనుషులు తాగేలా ఉంది."

లోపల అక్క నవ్వింది. ఆమె అలా మనసారా నవ్వడం రెండేళ్ళలో ఇదే మొదటిసారని అతనికి తట్టింది గానీ, పైకి అనలేదు. అంటే ఆగిపోతుందేమోనని.

బండి బయల్దేరబోయే ముందు మేనకోడలు నేల మీద పడి ఉన్న నాలుగు పట్టీలను చూసింది. "వీటినేం చేస్తావు మామయ్యా? గుట్టలో వేసేస్తావా?"

"ఎందుకు వేస్తాను?" మేస్త్రి వాటిని గుడ్డతో తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తీగతో కట్టాడు. సుద్దముక్క తీసుకుని పైదాని మీద 'నత్త' అని రాశాడు. మోసి, ముసలి మేస్త్రి సమ్మెట వేలాడే మేకు కింద గోడకు నిలబెట్టాడు.

"మళ్ళీ మిషన్లు ఎక్కించేదెవరని?"

"మిషన్లే ఎక్కాలని ఏముందే. రేపు నీ బండిలో ఎవరెక్కుతారో, ఏమెక్కుతుందో నాకేం తెలుసు? ఎప్పుడైనా వెనక భారం అనిపిస్తే తీసుకురా."

"సంసారంతోనా?"

"సంసారంతోనే," అన్నాడు మేస్త్రి.

నత్త వీధిలోకి నడిచింది. మలుపు దగ్గర పెద్ద గతుకుంది. అక్కడ బండి వెనకభాగం మెత్తగా దిగి, మెత్తగా లేచింది. గిన్నెల చప్పుడు రాలేదు. మలుపు తిరిగేటప్పుడు హారన్ కొట్టింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. మేస్త్రి గ్లాసు పట్టుకుని ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. అడుగున రెండు గుక్కలున్నాయి. వాటిని కూడా తాగి, గ్లాసు కడిగి, ఎల్లుండి వాళ్ళు ఇటుగానే పోతారు కదా అని షెడ్డు కిటికీలో బోర్లించాడు.